సిరిమానుకి వస్తున్నాం, వానలంటున్నారు: ఎలా సిద్ధపడాలి?

సాలూరు ఆడపడుచు
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. పుట్టిల్లు సాలూరు, ఉండేది హైదరాబాదు. వచ్చే ఆదివారం పొద్దున్నే అమ్మని, పిల్లలిద్దర్నీ, మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని విజయనగరంలో దిగుతున్నాం. పైడితల్లి అమ్మవారి పండగకి సోమవారం తొలేళ్లు (ముందు రోజు రాత్రి వేడుక), మంగళవారం సిరిమాను (పూజారి గారు పొడుగాటి మాను చివర కూర్చుని ఊరేగే ఉత్సవం) చూసుకుని, బుధ, గురువారాలు ఊళ్లోనూ చుట్టుపక్కలా తిరిగి, గురువారం రాత్రి బండెక్కాలని అనుకున్నాం. కంటోన్మెంటు వైపు గది తీసుకున్నాం. టిక్కెట్లు కూడా అయిపోయాయి.

అమ్మకి డెబ్భై దాటాయి. షుగరుంది, మోకాళ్ల నొప్పులున్నాయి. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి అయిదు. నిన్నటి నుంచి ఫోన్లో ఎప్పుడు చూసినా ఆ అయిదు రోజులకీ మబ్బు, ఉరుము బొమ్మలే కనిపిస్తున్నాయి. ఒకటే టెన్షన్‌గా ఉంది. అమ్మ పెళ్లికి ముందెప్పుడో చూసిందట సిరిమాను. మళ్లీ ఒక్కసారి చూడాలని ఏళ్లుగా అడుగుతోంది, అందుకే మానుకోబుద్ధి కావడం లేదు.

వాన పడితే సిరిమాను ఆగిపోతుందా? అమ్మని, పిల్లల్ని ఆ జనంలో తడవకుండా ఎలా చూసుకోవాలి? ఏమేం సర్దుకోవాలి? మిగిలిన రెండు రోజులు వానలోనూ చూడదగ్గవి ఏమున్నాయి? ఊళ్లో ఉన్నవాళ్లు చెప్పండి.

కోట జంక్షన్
శనివారం, రాత్రి 9:48

అక్కా, ధైర్యంగా రండి. వాన పడితే ఊరేగింపు కదలడం కాస్త ఆలస్యం అవుతుందేమో గానీ, చినుకు చూసి అమ్మవారి పండగ మానుకునే ఊరు కాదిది.

సర్దుకునే సామాన్ల కంటే మీరు నిలబడే చోటు ముఖ్యం. సిరిమాను మూడు లాంతర్ల కూడలి దగ్గరున్న అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా వెళ్లి వెనక్కొస్తుంది. అలా మూడుసార్లు. మొదటిసారి సరిగ్గా కనపడకపోయినా కంగారు పడక్కర్లేదు, మళ్లీ వస్తుంది. పైగా మాను అరవై అడుగుల దాకా ఉంటుంది, పూజారి గారు ఆ చివర ఎత్తున కూర్చుంటారు. ముందు వరసలో తోసుకునేవాళ్లకి మెడ నొప్పి తప్ప వేరే లాభం లేదు. నాలుగు వరసలు వెనక్కి జరిగి, వీపు వెనక వరండానో, కొట్టు ముందు రేకుల పందిరో ఉండేట్టు నిలబడండి. చినుకు మొదలైతే రెండడుగులు వెనక్కి వేస్తే చాలు. మూడు లాంతర్ల నుంచి కోట దాకా రోడ్డుకి రెండు వైపులా కొట్లే కాబట్టి ఆ వీలుంది.

ఆదివారం సాయంత్రమే అమ్మగారితో ఆ దారిలో నెమ్మదిగా నడవండి. ఎక్కడ మెట్టు ఉంది, ఎక్కడ మూత లేని కాలవ ఉంది, ఏ కొట్టువాళ్లు ఒక కుర్చీ ఇస్తామంటారు అన్నది అప్పుడే తేలిపోతుంది. పెద్దావిడ ఉన్నారని ముందుగా వెళ్లి అడిగితే మా ఊళ్లో కాదనేవాళ్లు తక్కువ. మంగళవారం మధ్యాహ్నం ఆ జనంలో అడగాలంటే మాత్రం కుదరదు.

తోటపాలెం వదిన
శనివారం, రాత్రి 10:15

కోట జంక్షన్ తమ్ముడు చెప్పింది నిజం. నేను ఇంకొకటి చెప్తాను, ఇది బయటి ఊరి నుంచి వచ్చేవాళ్లకి తట్టదు. సిరిమాను వస్తున్నప్పుడు భక్తులు అరటిపళ్లు విసురుతారు. అవి కింద పడి, వేల కాళ్ల కింద నలిగి గుజ్జయిపోతాయి. దాని మీద నాలుగు చినుకులు పడ్డాయంటే రోడ్డు మీద కాలు నిలవదు. మీ అమ్మగారికి అసలే మోకాళ్ల నొప్పులు. జనం విరిగాక కనీసం అరగంట ఉన్నచోటే కూర్చోబెట్టి, ఆ తరవాత రోడ్డు అంచు వెంట చెయ్యి పట్టుకుని నడిపించండి.

హవాయి చెప్పులు అసలు వద్దు. తడి రోడ్డు మీద జారతాయి, బురదలో తెగుతాయి, జనంలో ఊడితే మళ్లీ దొరకవు. మడమ దగ్గర పట్టీ ఉండి, అడుగున గాట్లున్న శాండిల్స్ వేయించండి. తోలు చెప్పులు ఇంట్లోనే వదిలెయ్యండి.

ఎండావాన
శనివారం, రాత్రి 10:31

గొడుగులు వద్దండీ, దయచేసి. ఫొటోలు తీసుకునేవాణ్ణి కాబట్టి జనం మధ్యలోనే ఉంటాను. గొడుగు ఊచలు సరిగ్గా పక్కవాళ్ల కంటి ఎత్తుకి వస్తాయి. ఒకళ్లు విప్పితే వెనక పదిమందికి ఏమీ కనపడదు, దాని మీద నీళ్లన్నీ పక్కవాళ్ల వీపు మీదే. అందరికీ తలా ఒక రెయిన్‌కోటు కొనండి. పిల్లలకి ముదురు పసుపో, నారింజో తీసుకోండి, జనంలో తప్పిపోయినా దూరం నుంచి కనిపెట్టొచ్చు.

తోటపాలెం వదిన
శనివారం, రాత్రి 10:44

బాబూ, రెయిన్‌కోటు కుర్రాళ్లకి బాగానే ఉంటుంది. డెబ్భై ఏళ్లావిడకి చీర మీద అది తొడిగి, అక్టోబరు ఉక్కలో రెండు గంటలు నిలబెడితే వాన నీళ్ల కంటే చెమటకే ఎక్కువ తడిసిపోతారు. కళ్లు తిరిగినా తిరుగుతాయి. ఆవిడకి గొడుగే నయం. కాకపోతే నడిచేటప్పుడు, గుడికి వెళ్లొచ్చేటప్పుడు వాడాలి. ఊరేగింపులో ముడిచి పెట్టుకోవాలి. పొడుగు కర్ర గొడుగైతే నడకకి ఊతంగా కూడా పనికొస్తుంది.

ఎండావాన
శనివారం, రాత్రి 10:52

ఊత సంగతి నాకు తట్టలేదు వదినా, మంచి మాట. అయితే పిల్లలకి, తమ్ముడికి రెయిన్‌కోట్లు, అమ్మగారికి కర్ర గొడుగు. ముందంతా బొత్తాలుండే రకం తీసుకోండి. తల మీంచి తొడిగేవి జనంలో వేసుకోవడం, తియ్యడం కష్టం.

మబ్బుల మేష్టారు
ఆదివారం, ఉదయం 6:20

అమ్మా, ముందుగా ఆ ఫోన్ బొమ్మల్ని పక్కన పెట్టు. ఎనిమిది రోజుల తరవాత ఫలానా గంటకి వాన అని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆ బొమ్మ ఉందంటే రోజంతా ముసురని కాదు. ఆ రోజులో ఎప్పుడో ఒకప్పుడు ఒక జల్లు పడే వీలుంది, అంతే.

అక్టోబరులో మన దగ్గర వాన రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, మధ్యాహ్నపు ఉరుముల వాన. పొద్దున్న ఎండ చురుక్కుమంటుంది, గాలి ఆడదు, ఒళ్లంతా జిడ్డు. రెండు మూడు గంటలకి పడమట కొండల వైపు నల్లగా లేస్తుంది. గంటో గంటన్నరో దంచికొట్టి వెళ్లిపోతుంది. సిరిమాను కదిలేది కూడా మామూలుగా ఆ వేళకే కాబట్టి మీకు ఎదురయ్యేది ఎక్కువగా ఇదే. దీనికి భయపడి ప్రయాణం మానుకోనక్కర్లేదు.

రెండోది సముద్రం నుంచి వచ్చేది. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, ఆపైన తుపాను. గాలి వేగం గంటకి 62 కిలోమీటర్లకి చేరితే దాన్ని తుపాను అంటారు. దీని సంగతి వేరు. 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, ఈ మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ విశాఖ దగ్గర, తిత్లీ పలాస వైపు. దసరా రోజులంటే మన తీరానికి తుపాన్ల కాలం అన్నమాట. అదృష్టం ఏమిటంటే తుపాను చెప్పాపెట్టకుండా రాదు. మూడు నాలుగు రోజుల ముందే విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం చెప్తుంది. అందుకని గురువారం దాకా నిశ్చింతగా ఉండు. గురువారం నుంచి రోజూ పొద్దున, సాయంత్రం వాతావరణ శాఖ జిల్లాల వారీ హెచ్చరిక చూడు.

పసుపు రంగు ఉంటే గమనిస్తూ ఉండమని. నారింజ అయితే సిద్ధంగా ఉండమని. ఎరుపంటే ఇంట్లోంచి కదలొద్దని అనుకో. భారీ వర్షం అని వాళ్లంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటుతుందని. ఒక మిల్లీమీటరంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. గది ముందు పది చదరపు మీటర్ల వాకిలి ఉంటే దాని మీద 645 లీటర్లు పడతాయి. కాలవలు ఎందుకు పొంగుతాయో ఆ లెక్కలోనే ఉంది.

ఎరుపు వస్తే మాత్రం మొహమాటం వద్దు, ప్రయాణం మానేయాలి. అమ్మవారు ఎక్కడికీ పోదు. పండగ వాతావరణం తరవాత కూడా కొన్నాళ్లు ఉంటుంది, పెద్ద చెరువులో తెప్పోత్సవం కూడా సిరిమాను అయ్యాకే.

సాలూరు ఆడపడుచు
ఆదివారం, ఉదయం 8:05

మేష్టారూ, సగం బరువు దిగింది. అమ్మకి చదివి వినిపించాను. ఆ రోజు ఉరుములు వస్తే ఎలా అని అడుగుతోంది. చిన్నప్పుడు వాళ్ల పొలంలో పిడుగు పడిందట, అప్పట్నుంచీ బాగా భయం.

మబ్బుల మేష్టారు
ఆదివారం, ఉదయం 8:40

భయపడటంలో తప్పులేదు. మన జిల్లాల్లో పిడుగుపాటుకి పోయేది ఎక్కువగా పొలాల్లో, చెట్ల కింద నిలబడ్డవాళ్లే. లెక్క సులువు: మెరుపు కనపడగానే అంకెలు లెక్కపెట్టు. ఉరుము ముప్పై లోపల వినిపిస్తే మెరుపు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. శబ్దం మూడు సెకన్లకి ఒక కిలోమీటరు వస్తుంది కదా. ఇక ఆరుబయట ఉండకూడదు. స్లాబు ఉన్న ఇంట్లోకో కొట్లోకో వెళ్లిపోవాలి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రావాలి.

ఒక తేడా గుర్తుపెట్టుకో. కోట జంక్షన్ చెప్పిన రేకుల పందిరి చినుకులకి చాలు గానీ, ఉరుములకి చాలదు. పక్కన స్లాబు ఇల్లు ఉండే చోటు చూసుకో. చెట్టు కింద మాత్రం ఎవరు పిలిచినా వెళ్లొద్దు. ఫోన్లో దామిని అని ఒక యాప్ ఉంది, మీరున్న చోటికి 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. అది వేసుకో. ఇంకా ఓపిక ఉంటే విశాఖ రాడార్ బొమ్మ కూడా చూడొచ్చు. ఎర్రటి మచ్చ మీ వైపు కదులుతోందో, పక్కనించి పోతోందో తెలుస్తుంది. తరవాత గంటలో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి అంతకంటే మంచిది లేదు.

గజపతినగరం రైతు
ఆదివారం, ఉదయం 10:12

అందరూ వాన రాకుండా ఎలా అని మాట్లాడుతున్నారు, నేనొక మాట చెప్పాలి. ఆ రోజులకి మా వరి పొట్ట మీద ఉంటుంది, అంటే కంకి ఇంకా బయటికి రాని దశ. చెరువు కింద ఉన్నవాడికి ఫర్వాలేదు గానీ, మెట్టున ఉన్నవాడు ఆకాశం వైపే చూస్తాడు. తొలేళ్ల రాత్రి కోట దగ్గర పూజారి గారు రైతులకి విత్తనాలు పంచుతారు. వాటిని తెచ్చి మా విత్తనాల్లో కలుపుకుంటాం. ఆ పండగలో వాన కూడా ఒక కోరికే మాకు. గాలి మాత్రం వద్దు, గాలొస్తే చేను పడిపోతుంది.

అమ్మా, మీ అమ్మగారిని ఆ తొలేళ్లకి తప్పకుండా తీసుకురండి. సిరిమాను నాటి జనం ఆ రాత్రి ఉండదు. చీకట్లో నడవాలి కాబట్టి టార్చిలైటు ఒకటి పట్టుకోండి. వానకి కరెంటు పోతే ఆ వీధుల్లో కాలవెక్కడో, రోడ్డెక్కడో తెలీదు. నీళ్లు నిలిచిన చోట రోడ్డు మధ్యనే నడవాలి, అంచుకి పోకూడదు. తెగిన కరెంటు తీగ కనిపిస్తే ఆ నీళ్లలో అడుగే పెట్టొద్దు.

మందుల కొట్టు
ఆదివారం, మధ్యాహ్నం 1:30

అమ్మగారి షుగర్ గురించి ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నా. వానలో షుగర్ ఉన్నవాళ్లకి పెద్ద ప్రమాదం పాదాలే. తడి చెప్పుల్లో వేళ్ల మధ్య చర్మం నాని చిట్లుతుంది. చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, చిన్న రాయి గుచ్చుకున్నా తెలియదు. పైగా గుళ్లో చెప్పుల్లేకుండా నడవాలి. కాబట్టి రోజూ గదికి రాగానే కాళ్లు మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో పొడిగా తుడిచి, అరికాలు వెలుతుర్లో చూడండి. ఆవిడ వంగి చూసుకోలేరు, మీరే చూడాలి. గీత పడినా, పొక్కినా అశ్రద్ధ చెయ్యొద్దు.

మందులు అనుకున్న రోజుల కంటే మూడు రోజులు ఎక్కువ తెచ్చుకోండి. బండి ఆగిపోవచ్చు, కొట్లు మూసేయొచ్చు. ఇన్సులిన్ అయితే గదిలో ఫ్రిజ్ ఉందో లేదో ఇప్పుడే ఫోన్ చేసి అడగండి. చీటీ ఫొటో ఫోన్లోనూ, కాగితం జిప్ కవర్లోనూ ఉంచండి. ఊరేగింపు ఆలస్యమైతే తిండి వేళ తప్పుతుంది, ఆవిడ చేతికి అందేలా బిస్కెట్లు, రెండు గ్లూకోజు పొట్లాలు పెట్టండి.

పిల్లలకి కాచి చల్లార్చిన నీళ్లో, సీలున్న బాటిలో. రోడ్డు మీద కోసి పెట్టిన పళ్లు, ఐసు వేసిన రసాలు ఆ మూడు రోజులూ వద్దు. వానలకి వాంతులూ విరేచనాలూ మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. ఓఆర్ఎస్ పాకెట్లు, జ్వరం సిరప్పు సంచిలో ఉండాలి. దోమల పూత పగలు కూడా రాయండి. డెంగ్యూ దోమ కుట్టేది పగటి పూటే.

తోటపాలెం వదిన
ఆదివారం, మధ్యాహ్నం 2:05

తినడానికి నా మాట వినండి. వేడివేడిగా కళ్ల ముందు పెనం మీంచి తీసిన ఉప్మా పెసరట్టు తినండి, భయం లేదు. సంచిలోకి జంతికలు, భీమాళి మామిడి తాండ్ర పెట్టుకోండి. తాండ్ర కవర్లో చుట్టి ఉంటుంది, కాస్త తడిసినా పాడవదు. పిల్లలు ఎంతసేపైనా చప్పరిస్తూ నిలబడతారు. అమ్మగారికి మాత్రం ఇవ్వకండి, అంతా చక్కెరే.

రెండో ప్లాట్‌ఫాం
ఆదివారం, సాయంత్రం 5:18

రైలు సంగతి. వాయుగుండం తీవ్రమైతే రైల్వే వాళ్లు ముందు రోజే కొన్ని బళ్లు రద్దు చేస్తారు, కొన్నిటిని దారి మళ్లిస్తారు. బయల్దేరే ముందు, మళ్లీ తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే 139కి ఫోన్ చేసో, యాప్‌లోనో చూసుకోండి. రైల్వే వాళ్లే రద్దు చేస్తే ఆన్‌లైన్ టిక్కెట్టు డబ్బు మొత్తం దానంతటదే వెనక్కి వస్తుంది, మీరు క్యాన్సిల్ నొక్కక్కర్లేదు. బండి మీరు ఎక్కే స్టేషన్లో మూడు గంటలకి మించి ఆలస్యమై, మీరు వెళ్లదలచుకోకపోతే, బండి కదలక ముందే టీడీఆర్ (డబ్బు వాపసు కోసం రైల్వేకి పెట్టే అర్జీ) వెయ్యాలి. ఈ ఒక్కటీ తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

విజయనగరం దాకా బళ్లు రాకపోతే విశాఖలో దిగండి. అక్కణ్ణించి ఆర్టీసీ బస్సులు గంటల తరబడి ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి, దూరం అరవై కిలోమీటర్లు. స్టేషన్లో దిగగానే అమ్మవారి ఇంకో గుడి, వనంగుడి దగ్గరే. మంగళవారం చదురుగుడిలో దర్శనం కుదరదనిపిస్తే ఆదివారమే సామాను గదిలో పెట్టేసి వనంగుడిలో దర్శనం చేయించండి అమ్మగారికి.

నాగావళి గట్టు
ఆదివారం, రాత్రి 9:25

మాది శ్రీకాకుళం. బుధ, గురువారాల గురించి అడిగారు కదా. బుధవారం మా ఊరు రండి. రోడ్డు మీద గంటన్నర, రెండు గంటలు. వానలో రైలు కంటే బస్సే నయం, ఎందుకంటే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఊరికి దూరంగా ఆమదాలవలసలో ఉంటుంది. అక్కణ్ణించి మళ్లీ ఆటో వెతుక్కోవాలి, వానరోజు ఆటోవాళ్లు రేటు పెంచేస్తారు.

అరసవల్లిలో సూర్యనారాయణ మూర్తి దర్శనం చేసుకుని, అక్కణ్ణించి శ్రీకూర్మం వెళ్లండి. వానలో చూడాల్సిన గుడి అంటే నేను శ్రీకూర్మమే చెప్తాను. గుడి చుట్టూ రాతి స్తంభాల మండపం ఉంది, కప్పు కింద నిదానంగా ఒక చుట్టు తిరిగి రావచ్చు. గోడల మీద పాత రంగుల బొమ్మలున్నాయి. ఎండరోజు జనం గబగబా దాటేస్తారు. బయట వాన పడుతుంటే ఎటూ పోలేం కాబట్టి ఒక్కో బొమ్మ దగ్గరా ఆగుతాం. పిల్లలకి కూర్మం బొమ్మలూ, అక్కడ పెంచుతున్న నక్షత్ర తాబేళ్లూ చూపించండి. మండపంలో రాయి చల్లగా, తడిగా ఉంటుంది, అమ్మగారికి కూర్చోవడానికి ఒక చిన్న చాప తెచ్చుకోండి. అరసవల్లిలో మాత్రం కాలు చూసుకుని నడవండి.

కళింగపట్నం మాత్రం వద్దు. అలలు బాగుంటాయని కుర్రాళ్లు తీసుకెళ్తారు, ఆ కాలంలో సముద్రం మీద నమ్మకం లేదు. నది ఒడ్డున కూడా ఒక మాట. ఇక్కడ ఎండ కాస్తున్నా నాగావళి, వంశధార పొంగొచ్చు. ఒడిశా కొండల్లో వాన పడితే ఆ నీళ్లన్నీ మా మీదికే దిగుతాయి. గట్టు మీద పోలీసులు తాడు కట్టి ఉంటే, నీళ్లు తక్కువగా ఉన్నాయి కదా అని దాటొద్దు.

ఎండావాన
ఆదివారం, రాత్రి 9:50

గురువారం అరకు పెట్టుకోండి! వానలో అరకు చూడకపోతే ఇంకేం చూసినట్టు. కొండలన్నీ మబ్బులో మునిగిపోయి ఉంటాయి. శృంగవరపుకోట మీదుగా కారులో వెళ్తే సాయంత్రానికి వచ్చేయొచ్చు.

రెండో ప్లాట్‌ఫాం
ఆదివారం, రాత్రి 10:02

తమ్ముడూ, నువ్వు బైకు మీద వెళ్లే మనిషివి. వీళ్లకి రాత్రి రైలుంది. గట్టిగా వాన పడితే ఆ ఘాట్లో కొండచరియలు విరిగి రోడ్డు మీద పడతాయి, రైలు పట్టాల మీదా పడతాయి. ఒక్క బండరాయి పడితే దారి ఎప్పుడు తెరుస్తారో చెప్పలేం. అటు మధ్యలో చిక్కుకుంటే రైలూ పోతుంది, పెద్దావిడ మందుల వేళా పోతుంది. అరకు ఎక్కడికీ పోదు, పసుపు హెచ్చరిక ఉన్నా సరే నేను వద్దనే అంటాను.

కోట జంక్షన్
ఆదివారం, రాత్రి 10:20

నేనూ అదే అంటాను. గురువారం ఊళ్లోనే గడపండి. గురజాడ వారి ఇల్లు ఉంది, నిదానంగా చూసి రావచ్చు. ఆయన వాడిన వస్తువులు ఉన్నాయి, తొమ్మిదేళ్ల బాబుకి పాఠంలో చదివిన పేరు ఒక ఇల్లుగా కనిపిస్తుంది. మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. పని రోజైతే అడిగి లోపలికి వెళ్లండి. బయట వాన కురుస్తుంటే ఏ గదిలోంచో వయొలిన్ సాధకం వినిపిస్తుంది. దానికోసమైనా వానరోజే వెళ్లాలంటాను నేను.

రామతీర్థం పన్నెండు కిలోమీటర్లే. కింద గుడి వరకే చాలు, తడి మెట్ల మీద కొండెక్కొద్దు. రామాయణం ఇతివృత్తంగా కట్టిన గుడి ఆవరణ రామనారాయణం పిల్లలకి నచ్చుతుంది గానీ ఎక్కువ భాగం ఆరుబయటే, నేల నున్నటి రాయి. వాన వెలిసిన సాయంత్రమైతేనే వెళ్లండి.

సాలూరు ఆడపడుచు
సోమవారం, ఉదయం 7:15

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. అమ్మ ప్రతి మాటా మళ్లీ చదివించుకుంటోంది. ఇప్పుడు మా లెక్క ఇదీ: ఆదివారం వనంగుడి, సాయంత్రం దారి చూసుకోవడం, సోమవారం రాత్రి తొలేళ్లు, మంగళవారం వెనక వరసల్లో, బుధవారం శ్రీకూర్మం, గురువారం ఊళ్లో. అరకు లేదు.

ఇంకో రెండు సందేహాలు. జనంలో ఫోన్లు కలవవంటారు కదా, విడిపోతే ఎలా? రెండోది, అమ్మ అమ్మవారి దగ్గరికి పట్టుచీరే కట్టుకుంటానంటోంది. నూలుచీర కట్టుకో అంటే వినడం లేదు.

ఎండావాన
సోమవారం, ఉదయం 8:30

ఫోన్లు కలవవు, మంగళవారం సాయంత్రం మెసేజి కూడా అరగంట ఆలస్యంగా పోతుంది. కలుసుకునే చోటు ముందే అనుకోండి. గంటస్తంభం పెట్టుకోండి, ఎవరిని అడిగినా చూపిస్తారు, పిల్లలకి కూడా గుర్తుంటుంది. పిల్లల జేబుల్లో మీ ఇద్దరి నంబర్లూ, గది చిరునామా రాసిన కాగితం జిప్ కవర్లో పెట్టండి. స్కెచ్ పెన్ను, జెల్ పెన్ను తడిస్తే అలుక్కుపోతాయి, బాల్ పెన్నుతో రాయండి. విడిపోతే కదలకుండా ఎదురుగా కనిపించే పోలీసాయన దగ్గరికి వెళ్లమని బాబుకి చెప్పండి. ఫోన్‌పే కూడా పనిచెయ్యదు, చిల్లర నోట్లు ఉంచుకోండి. ఫోన్ తడిస్తే ఆపేసి తుడిచి, పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టొద్దు. బియ్యంలో పెట్టమంటారు, దానివల్ల ఏం లాభం లేదు, పిండి రేణువులు లోపలికి పోతాయి.

తోటపాలెం వదిన
సోమవారం, ఉదయం 9:10

అమ్మగారిని ఆపకమ్మా. ఎన్నాళ్లకో వస్తున్నారు, పట్టుచీర కట్టుకోనివ్వు. ఒకటే చెయ్యి: దర్శనం ఆదివారం వనంగుడిలోనే కదా, పట్టుచీర ఆ పూటకి. మంగళవారం సాయంత్రానికి పాలిస్టరు కలిసిన తేలిక చీర. నూలుచీర తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది, అది కూడా వద్దు. అంచు నేలకి నాలుగు వేళ్ల పైకి కట్టమను.

పట్టుచీరని పాత నూలుగుడ్డలో మడతపెట్టి, ఆ పైన పాలిథిన్ కవర్లో పెట్టు. నేరుగా ప్లాస్టిక్‌లో పెడితే ఉక్కకి జరీ నల్లబడుతుంది. ఒకవేళ తడిస్తే పిండొద్దు, తువ్వాలులో చుట్టి నీళ్లు లాగనిచ్చి నీడలో ఆరెయ్యాలి.

నిర్వాహకుడు
శుక్రవారం, ఉదయం 11:00

ఇదే ప్రయాణానికి చాలామంది సిద్ధపడుతున్నారు కాబట్టి ఈ చర్చని పైకి తెచ్చి ఉంచుతున్నాం. అత్యవసరమైతే విపత్తుల నిర్వహణ సంస్థ నంబరు 1070, పోలీసు, అంబులెన్సులకి 112.

మబ్బుల మేష్టారు
శనివారం, ఉదయం 6:45

ఇవాళ్టి లెక్క. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంది గానీ దక్షిణాన ఉంది, మన వైపు తుపాను సూచన లేదు. మన జిల్లాకి సోమ, మంగళవారాలకి పసుపు రంగు, ఉరుములతో జల్లులు. నేను మొదట చెప్పిన మధ్యాహ్నపు వానే ఇది. బయల్దేరొచ్చు అమ్మా. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకి రాడార్ ఒకసారి చూసి ఇక్కడ రాస్తాను.

సాలూరు ఆడపడుచు
శనివారం, సాయంత్రం 4:20

ఇంకో గంటలో స్టేషన్‌కి బయల్దేరుతున్నాం. అమ్మ తన సంచి తానే సర్దుకుంది, మందుల కవర్ పైన పెట్టింది. మేష్టారూ, మంగళవారం మీరు రాసేది ఫోన్లో అందకపోతే ఎలా?

మబ్బుల మేష్టారు
శనివారం, సాయంత్రం 4:33

గదిలో ఉండగానే ఒంటిగంటకి చూసుకుని బయల్దేరు. ఆ తరవాత ఫోన్ అక్కర్లేదు, పడమర వైపు చూస్తే చాలు. ఆ దిక్కున నల్లబడి, ఉన్నట్టుండి చల్లగాలి కొట్టిందంటే పది పదిహేను నిమిషాలు చేతిలో ఉన్నట్టు. అప్పుడే అమ్మని లోపలికి తీసుకెళ్లు, చినుకు పడేదాకా ఆగకు.

కోట జంక్షన్
శనివారం, సాయంత్రం 5:02

అక్కా, రేపు సాయంత్రం దారి చూసుకోవడానికి వచ్చినప్పుడు ఇక్కడ ఒక మాట రాయండి. కోట దగ్గర మాకు తెలిసిన కొట్టు ఉంది, పైన స్లాబు, ముందు నాలుగు మెట్లు. అమ్మగారికి కుర్చీ వేయిస్తాను.